ఉద్యోగం చేసుకుంటూ ఐఎల్ట్స్‌కి తయారవడం ఎలా?

“అక్కా, చదువు ఆపేసి పదిహేనేళ్ళయింది. ఇప్పుడు ఐఎల్ట్స్ రాయగలనా? ఎన్ని నెలలు పడుతుంది? కోచింగ్ తప్పదా?” ఆదివారాలు గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటికి వచ్చేవాళ్ళు ముందుగా అడిగేవి ఈ మూడే. ఫోన్ చేసేవాళ్ళూ ఇవే అడుగుతారు. అందుకే అందరికీ చెప్పేదంతా ఒకచోట రాసి పెడుతున్నాను. ఐఎల్ట్స్ అంటే విదేశాల్లో చదువుకో, ఉద్యోగానికో, స్థిరపడటానికో వెళ్ళేవాళ్ళు రాసే ఇంగ్లిష్ పరీక్ష. లిజనింగ్ (వినడం), రీడింగ్ (చదవడం), రైటింగ్ (రాయడం), స్పీకింగ్ (మాట్లాడటం) అని నాలుగు భాగాలు. ఒక్కోదానికి 9 వరకు మార్కు వేస్తారు, దాన్నే బ్యాండ్ అంటారు.

రాయగలరు. ఇంగ్లిష్ పేపర్లో వార్త చదివితే విషయం అర్థమయ్యేవాళ్ళకు రోజుకు గంటన్నర చొప్పున పన్నెండు వారాలు సరిపోతుంది. వార్త అర్థం కావడమే కష్టంగా ఉంటే ముందు మూడు నెలలు మామూలు ఇంగ్లిష్ చదువుకుని, ఆ తర్వాత ఈ పరీక్ష జోలికి రండి. కోచింగ్ సంగతి కింద చెప్తాను.

నేను 36 ఏళ్ళప్పుడు రాశాను. గుంటూరు నుంచి విజయవాడకు రోజూ ఉద్యోగానికి తిరిగే రోజులవి. మొదటిసారి రైటింగ్‌లో 6 దగ్గర ఆగిపోయాను. అప్పటికి ప్రాక్టీస్ టెస్టులు ఇరవై పైనే చేశాను, కానీ ఎక్కడ తప్పుతున్నానో ఒక్కసారీ రాసుకోలేదు. ఇరవై సార్లూ అవే తప్పులు. రెండోసారి టెస్టులు తగ్గించి, తప్పులు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. 7 వచ్చింది. ఈ పద్ధతంతా ఆ లెక్క మీదే నడుస్తుంది.

కావలసినవి

పాస్‌పోర్ట్. పరీక్ష గదిలోకి వెళ్ళాలంటే ఇదే గుర్తింపు, ఆధార్ పనికిరాదు. గడువు చూసుకోండి. బుకింగ్‌లో పేరు పాస్‌పోర్ట్‌లో ఎలా ఉంటే అలాగే, అక్షరం తేడా లేకుండా కొట్టండి. మనకు ఇంటిపేరుతో పెద్ద చిక్కు: టెన్త్ సర్టిఫికెట్‌లో ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్ట్‌లో పూర్తిగా ఉంటుంది, పెళ్ళయిన ఆడవాళ్ళకు ఇంకో రకంగా ఉంటుంది. పాస్‌పోర్ట్‌లో ఉన్నదే లెక్క.

కేంబ్రిడ్జ్ వాళ్ళ ప్రాక్టీస్ టెస్టుల పుస్తకాలు రెండు. ఒక్కోదానిలో నాలుగు పూర్తి టెస్టులు ఉంటాయి. అకడమిక్, జనరల్ అని పరీక్షలో రెండు రకాలు (కింద 1లో చెప్తాను), వాటికి వేరువేరు పుస్తకాలు, చూసి కొనండి. విజయవాడలో ఏలూరు రోడ్డు, లెనిన్ సెంటర్ వైపు పాత పుస్తకాలు దొరుకుతాయి. కొనేముందు పేజీలు తిప్పి చూడండి. ఎవరో జవాబులు నింపేసిన పుస్తకం సగం ధరకు వచ్చినా దండగే.

లాంగ్ నోట్‌బుక్ ఒకటి, ఫోన్‌లో వాయిస్ రికార్డర్, చెవులకు పట్టే హెడ్‌ఫోన్స్, ముల్లున్న గడియారం.

అన్నిటికంటే ముఖ్యం, మీరు రాసింది దిద్దే మనిషి. ఇంగ్లిష్ లెక్చరర్ కావచ్చు, ఈ పరీక్షలో మంచి బ్యాండ్ తెచ్చుకున్న స్నేహితురాలు కావచ్చు. వారానికి రెండు వ్యాసాలు దిద్దితే చాలు.

1. ఏ పరీక్ష, ఎంత బ్యాండ్ అన్నది ముందు రాసి పెట్టుకోండి

“ఐఎల్ట్స్ రాయాలి” అని వచ్చేవాళ్ళలో చాలామందికి ఏ రకం రాయాలో తెలియదు. డిగ్రీ, పీజీ చదువులకు సాధారణంగా అకడమిక్ అడుగుతారు. కెనడా లాంటి దేశాలకు పర్మనెంట్ రెసిడెన్సీకి జనరల్ ట్రైనింగ్. లిజనింగ్, స్పీకింగ్ ఈ రెండు రకాలకూ ఒకటే. రీడింగ్, రైటింగ్ మారతాయి. బ్రిటన్ వీసాల్లో కొన్నిటికి యూకేవీఐ అనే ప్రత్యేక ఐఎల్ట్స్ కావాలి, మామూలుది రాస్తే చెల్లదు.

ఈ సమాచారం ఏజెంటు నోటి నుంచి తీసుకోకండి. మీరు చేరబోయే యూనివర్సిటీ సైట్, లేదా ఆ దేశపు ఇమిగ్రేషన్ సైట్, నర్సులైతే అక్కడి నర్సింగ్ కౌన్సిల్ సైట్ స్వయంగా తెరిచి చదవండి. అర్థం కాకపోతే పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకుని చదవండి.

రెండు రకాల షరతులు ఉంటాయి: మొత్తం మీద ఎంత, ఒక్కోదానిలో కనీసం ఎంత. మొత్తం అంటే నాలుగింటి సగటు, దగ్గరి అర బ్యాండ్‌కు సవరిస్తారు. లిజనింగ్ 7, రీడింగ్ 6.5, రైటింగ్ 6, స్పీకింగ్ 6 వస్తే సగటు 6.375, మీ మార్కు 6.5. సగటు 6.25 వచ్చినా 6.5 ఇస్తారు, 6.75 వస్తే 7 ఇస్తారు. కానీ సగటు ఎంత బాగున్నా ఒక్కోదానిలో అడిగిన కనీసం రాకపోతే ఉపయోగం లేదు. బ్రిటన్ నర్సింగ్ కౌన్సిల్ లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్‌లలో 7, రైటింగ్‌లో 6.5 అడుగుతుంది. రైటింగ్‌లో 6 వచ్చిన అమ్మాయికి మిగతావన్నీ 8 వచ్చినా పని జరగదు. కెనడా పర్మనెంట్ రెసిడెన్సీకి దరఖాస్తు చేసే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో సీఎల్‌బీ (ఆ దేశం వాళ్ళ భాషా స్థాయి కొలత) 9 కావాలంటే లిజనింగ్‌లో 8, మిగతా మూడిట్లో 7 చొప్పున రావాలి.

నర్సులకు ఇంకో దారి ఉంది. ఓఈటీ అనే పరీక్ష ఆరోగ్య రంగం వాళ్ళ కోసమే పెట్టింది. అందులో రాసే ఉత్తరం రోగి గురించి, మాట్లాడేది రోగితో మాట్లాడినట్టు. వార్డులో పదేళ్ళు పనిచేసినవాళ్ళకు పర్యావరణం మీద వ్యాసం రాయడం కంటే అది దగ్గరగా ఉంటుంది. కొత్తపేట ఆసుపత్రుల నుంచి వచ్చే నర్సులకు నేను ముందు దాని గురించే చెప్తాను. మీకు కావలసిన చోట ఒప్పుకుంటారో లేదో చూసుకుని ఎంచుకోండి.

ఫలితం రెండేళ్ళ వరకే చెల్లుతుంది. వీసా పనులు మూడేళ్ళ తర్వాత అనుకుంటే ఇప్పుడే రాసి పెట్టుకోకండి.

2. ఒక ఆదివారం పొద్దున పూర్తి టెస్టు రాయండి

ఏమీ చదవకుండానే రాయాలి. ఇప్పుడు ఎక్కడున్నారో తెలియడానికే ఇది. లిజనింగ్ 30 నిమిషాలు, రీడింగ్ 60, రైటింగ్ 60, మధ్యలో లేవకుండా. ఇంట్లో టీవీ, కుక్కర్ కూతలు ఉంటే గ్రంథాలయానికి వెళ్ళండి. ఆడియో ఒక్కసారే వినాలి, ఆపకూడదు.

దిద్దేటప్పుడు మీ మీద జాలి వద్దు. స్పెల్లింగ్ తప్పితే తప్పే, చివర ‘ఎస్’ పోతే తప్పే. 40 ప్రశ్నలకు ఎన్ని వచ్చాయో చూసుకుని ఈ లెక్కతో పోల్చుకోండి. పేపర్‌ను బట్టి ఒకటి రెండు మార్కులు అటూ ఇటూ మారవచ్చు.

లిజనింగ్‌లో 23 వస్తే బ్యాండ్ 6, 30 వస్తే 7, 35 వస్తే 8. అకడమిక్ రీడింగ్‌కీ దాదాపు ఇదే లెక్క. జనరల్ రీడింగ్ పాఠాలు తేలిక కాబట్టి అక్కడ 6 కి 30, 7 కి 34 కావాలి. జనరల్ వాళ్ళు “నాకు 30 వచ్చాయి, 7 వచ్చేసింది” అని సంబరపడి మోసపోతుంటారు.

రైటింగ్, స్పీకింగ్‌లకు బ్యాండ్ మీరే వేసుకోకండి. దిద్దే మనిషికి ఇవ్వండి.

3. తప్పుల నోటు మొదలుపెట్టండి

ఇది మానేసేవాళ్ళే ఎక్కువ, అందుకే కాస్త వివరంగా చెప్తాను. లాంగ్ నోట్‌బుక్‌లో పేజీకి నాలుగు గడులు గీయండి: నేను రాసింది, సరైనది, ఎందుకు తప్పింది, మళ్ళీ ఎన్నిసార్లు. మూడో గడిలో “తెలియక” అని రాయకండి, దానివల్ల ఏమీ తెలియదు. “బహువచనం వదిలేశాను”, “మాట విన్నాను కానీ స్పెల్లింగ్ రాలేదు”, “ప్రశ్న సరిగా చదవలేదు”, “టైమ్ అయిపోయి ఊహించాను” అని స్పష్టంగా రాయాలి.

ప్రతి ఆదివారం మూడో గడి చూసి లెక్కపెట్టండి. ఒక పెద్దాయన, విద్యుత్ శాఖలో రిటైరై కూతురి దగ్గరకు వెళ్ళడానికి తయారవుతున్నారు, “నాకు వినికిడి తగ్గింది, లిజనింగ్ నా వల్ల కాదమ్మా” అన్నారు. రెండు వారాల నోటు లెక్కపెడితే 22 తప్పుల్లో 13 స్పెల్లింగ్‌వి. ఆయనకు చక్కగా వినపడుతూనే ఉంది! రోజూ ఇరవై మాటలు డిక్టేషన్ రాయించాను, నెలలో ఆ తప్పులు మూడుకు దిగాయి. నోటు లేకపోతే ఆయన చెవి డాక్టరు చుట్టూ తిరిగేవారు.

తర్వాతి వారం ఏం చదవాలో ఆ లెక్కే చెప్తుంది. అన్నీ సమానంగా చదవొద్దు.

4. టైమ్ ఎక్కడి నుంచి తేవాలి

పొద్దున అరగంట, ప్రయాణంలో అరగంట, రాత్రి అరగంట. ఒకేసారి గంటన్నర కూర్చుందామనుకునేవాళ్ళు రెండో వారానికి మానేస్తారు. గుంటూరు, విజయవాడల మధ్య బస్సులోనో రైల్లోనో తిరిగేవాళ్ళకు రోజూ రెండు గంటలు చేతిలో ఉన్నట్టే. అది లిజనింగ్‌కి వాడండి. పొద్దున బుర్ర తాజాగా ఉన్నప్పుడు రాయడం, రాత్రి తప్పులు నోటులో ఎక్కించడం. నైట్ డ్యూటీ నర్సులు డ్యూటీ దిగి నిద్రపోయి లేచాక చదవండి, డ్యూటీ దిగగానే వద్దు. ఆ అలసటలో రాసిన టెస్టు మార్కు చూసి నీరసపడిపోతారు.

వారానికి ఒకరోజు పూర్తిగా సెలవు తీసుకోండి. పెళ్ళిళ్ళు, జ్వరాలు, పిల్లల పరీక్షలు వస్తాయి. పన్నెండు వారాల లెక్కలో రెండు వారాలు పోతాయనుకునే మొదలుపెట్టండి.

5. లిజనింగ్

నాలుగు భాగాలు, 40 ప్రశ్నలు. బ్రిటిష్, ఆస్ట్రేలియన్, అమెరికన్ ఉచ్చారణలు అన్నీ వస్తాయి. మనకు బాగా పనిచేసేది డిక్టేషన్. రెండు నిమిషాల ఆడియో తీసుకుని, వాక్యం వాక్యం ఆపి, విన్నది విన్నట్టు రాయండి. తర్వాత పుస్తకం వెనక ఉన్న మాటలతో పోల్చండి. టెస్టు రాసేటప్పుడు ఆపకూడదు కానీ నేర్చుకునేటప్పుడు ఎన్నిసార్లైనా ఆపవచ్చు. ఈ రెండూ కలిపేయకండి.

తరచూ పోయే మార్కులు:

“రెండు మాటలు మించకుండా” అన్నచోట మూడు మాటలు రాయడం. మూడోది సరైనదే అయినా మార్కు పోతుంది.

ముందు చెప్పింది రాసేసి, వెంటనే వాళ్ళు మార్చింది వినకపోవడం. “మంగళవారం... కాదు కాదు, ఆ రోజు కుదరదు, బుధవారం రండి” అంటారు. రాసేసిన చెయ్యి ఆగిపోతుంది.

అక్షరాలు చెప్పి రాయించే పేర్లు. ‘ఏ’, ‘ఈ’, ‘ఐ’ తారుమారవుతాయి. ‘జీ’, ‘జే’ కూడా అంతే. అంకెల్లో థర్టీన్, థర్టీ. వీటికి రోజూ ఐదు నిమిషాలు, ఇంట్లో పిల్లలతో పేర్లు, ఫోన్ నంబర్లు చెప్పించుకుని రాయండి. పిల్లలకు ఇష్టమైన ఆట అవుతుంది.

వారాలు, నెలల స్పెల్లింగులు. వెడ్నెస్‌డే, ఫిబ్రవరి రాయలేక మార్కు పోగొట్టుకున్న పోస్ట్ గ్రాడ్యుయేట్లను చూశాను. బ్రిటిష్ స్పెల్లింగ్ రాసినా, అమెరికన్ రాసినా ఒప్పుకుంటారు.

పేపర్ మీద రాసే వీలున్నచోట జవాబులు ఎక్కించడానికి చివర 10 నిమిషాలు ఇస్తారు. కంప్యూటర్ మీద సరిచూసుకోవడానికి 2 నిమిషాలే.

6. రీడింగ్

60 నిమిషాలు, 40 ప్రశ్నలు, జవాబులు ఎక్కించే సమయం కూడా అందులోనే. ప్రతి వాక్యాన్నీ మనసులో తెలుగులోకి మార్చుకుంటూ చదివితే మూడో పాఠానికి చేరరు. ముందు ప్రశ్నలు చూసి, ఆ విషయం ఎక్కడుందో వెతికి, అక్కడ మాత్రం నిదానంగా చదవండి.

ఎక్కువమంది తప్పేది ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్ దగ్గర. పాఠంలో ఉన్నదానికి ఎదురు ఉంటే ఫాల్స్. పాఠం ఆ సంగతే ఎత్తకపోతే నాట్ గివెన్. “మిర్చికి మంచి ధర పలికింది” అని పాఠంలో ఉండి, ప్రశ్నలో “పోయినేడు కంటే ఎక్కువ ధర పలికింది” అని ఉందనుకోండి. అది నాట్ గివెన్. మీరు యార్డుకు వెళ్ళి స్వయంగా చూసి ఉన్నా సరే, మీకు తెలిసింది ఇక్కడ లెక్కలోకి రాదు.

బ్యాంకు పరీక్షలు రాసిన అలవాటుతో తెలియనివి ఖాళీ వదిలేస్తుంటారు. ఇక్కడ నెగటివ్ మార్కులు లేవు. 40 కి 40 నింపి రండి.

7. రైటింగ్

మనవాళ్ళు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే.

మొదటి టాస్క్ కనీసం 150 మాటలు, రెండోది 250. రెండోదానికి రెట్టింపు బరువు. అందుకని మొదటిదానికి 20 నిమిషాలు దాటనివ్వకండి. మాటలు తగ్గితే మార్కు తగ్గుతుంది. మీ చేతిరాతలో వరుసకు ఎన్ని మాటలు పడతాయో ముందే లెక్కపెట్టుకుంటే పరీక్షలో లెక్కపెట్టే పని ఉండదు.

అకడమిక్ వాళ్ళకు మొదటి టాస్క్‌లో గ్రాఫో పట్టికో ఇస్తారు. అంకెలన్నీ వరసగా దింపేస్తే సరిపోదు. మొత్తం మీద ఏం పెరిగింది, ఏం తగ్గింది అన్నది రెండు వాక్యాల్లో చెప్పాలి. అది లేకపోతే మిగతాదంతా బాగున్నా బ్యాండ్ పైకి వెళ్ళదు. మీ అభిప్రాయం మాత్రం రాయకూడదు.

జనరల్ వాళ్ళకు ఉత్తరం. మూడు విషయాలు ఇస్తారు, మూడూ రావాలి. మన ఆఫీసు ఇంగ్లిష్ ఇక్కడ పనికిరాదు. “రెస్పెక్టెడ్ సర్”, “కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్” మానేయండి. తెలియని అధికారికైతే “డియర్ సర్ ఆర్ మేడమ్” అని మొదలుపెట్టి “యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ” అని ముగించండి. స్నేహితురాలికైతే స్నేహితురాలికి రాసినట్టే రాయాలి, దరఖాస్తులా ఉండకూడదు.

రెండో టాస్క్ వ్యాసం. నా మొదటి పరీక్షకు ముందు ఒక కోచింగ్‌లో ఇచ్చిన పేరా బట్టీపట్టాను. “ఈ ఆధునిక యుగంలో ఇది ఎంతో వివాదాస్పదమైన అంశం” అని మొదలయ్యే పేరా, ఏ ప్రశ్నకైనా అతుకుతుందన్నారు. అన్నిటికీ అతికేది ఏ ప్రశ్నకూ జవాబు కాదు. ప్రశ్నకు జవాబు చెప్పారా, విషయం వరసగా నడిచిందా, మాటలు సరిగ్గా వాడారా, వ్యాకరణం ఎలా ఉంది అన్న నాలుగింటికి సమానంగా మార్కులు వేస్తారు. బట్టీపట్టిన పేరా మొదటి దగ్గరే దెబ్బ తీస్తుంది.

ఇలా చేయండి. వృద్ధులైన తల్లిదండ్రులు పిల్లల దగ్గర ఉండటం మంచిదా, వృద్ధాశ్రమంలోనా అన్న ప్రశ్న వచ్చిందనుకోండి. మొదటి ఐదు నిమిషాలు రాయకండి. మీరు ఎటువైపో తేల్చుకోండి. దానికి రెండు కారణాలు, ఒక్కో కారణానికి మీరు చూసిన ఒక ఉదాహరణ. ఆలోచన తెలుగులో వస్తే రానివ్వండి. నలభై ఏళ్ళవాళ్ళకు జీవితంలో చూసింది బోలెడు ఉంటుంది, ఇరవై ఏళ్ళవాళ్ళకు లేని బలం అది. చిత్తుగా రాసుకునే మాటలు మాత్రం ఇంగ్లిష్‌లో పెట్టండి. తర్వాత ముప్ఫై నిమిషాలు రాయడం, ఐదు నిమిషాలు దిద్దుకోవడం.

ఆ చివరి ఐదు నిమిషాల్లో ఏం చూడాలి? ప్రతి నామవాచకం మీద వేలు పెట్టి రెండే అడగండి: ఒకటా, చాలానా? ముందు ‘ఎ’, ‘ద’ కావాలా? తెలుగులో ఆర్టికల్స్ లేవు. “పుస్తకం కొన్నాను” అంటే సరిపోతుంది, అందుకే “ఐ బాట్ బుక్” అని రాసేస్తాం. తర్వాత ప్రతి క్రియ మీద: ఎవరు చేశారు, ఎప్పుడు? ‘హీ’, ‘షీ’ వచ్చినచోట క్రియ చివర ‘ఎస్’ పడిందా?

తెలుగు మనల్ని లాగే తప్పులు కొన్ని, నా నోటు నుంచి:

“మై బ్రదర్ ఈజ్ వర్కింగ్ హియర్ సిన్స్ ఫైవ్ ఇయర్స్.” ఐదేళ్ళ ‘నుంచి’ అనే మాటే ‘సిన్స్’ రాయిస్తుంది. “హ్యాజ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ ఫైవ్ ఇయర్స్” అనాలి. 2019 నుంచి అని సంవత్సరం చెప్తే అప్పుడు సిన్స్.

“ఐ యామ్ హ్యావింగ్ టూ సిస్టర్స్.” “ఐ హ్యావ్” చాలు.

“వన్ ఆఫ్ మై ఫ్రెండ్.” ‘ఫ్రెండ్స్’ అనాలి, చాలామందిలో ఒకరు కాబట్టి.

“డిస్కస్ అబౌట్.” అబౌట్ అక్కర్లేదు.

మీ వ్యాసాన్ని రెండు రోజుల తర్వాత పైకి చదవండి. రాసిన రోజు కనపడని తప్పులు అప్పుడు చెవికి తగులుతాయి. దిద్దించుకున్న వ్యాసాన్ని పక్కన పెట్టేయకండి, అదే వ్యాసం మళ్ళీ రాయండి. కొత్త వ్యాసాలు పది రాయడం కంటే ఒకే వ్యాసం మూడుసార్లు బాగుచేయడం ఎక్కువ నేర్పుతుంది. ఇది నేను గట్టిగా నమ్మే సంగతి.

కంప్యూటర్ మీద రాయబోతే వ్యాసాలు మొదటి వారం నుంచే కీబోర్డు మీద కొట్టండి. ఫోన్ మీద రెండు బొటనవేళ్ళతో వేగంగా కొట్టేవాళ్ళు కీబోర్డు ముందు తడబడతారు. స్పెల్లింగ్ దిద్దే సాఫ్ట్‌వేర్ ఆపేసి ప్రాక్టీస్ చేయండి, పరీక్షలో అది ఉండదు.

8. స్పీకింగ్

11 నుంచి 14 నిమిషాలు, ఎదురుగానో వీడియో కాల్‌లోనో మనిషితోనే మాట్లాడతారు. ముందు మీ గురించి మామూలు ప్రశ్నలు. తర్వాత ఒక కార్డు ఇచ్చి నిమిషం ఆలోచించుకోమంటారు, ఒకటి నుంచి రెండు నిమిషాలు మాట్లాడాలి. చివర ఆ విషయం మీద లోతుగా ప్రశ్నలు.

“జనం కిక్కిరిసిన చోటు గురించి చెప్పండి” అని కార్డు వస్తే న్యూయార్క్ గురించి చెప్పకండి. దసరా ముందు విజయవాడ బీసెంట్ రోడ్డు గురించి చెప్పండి. ఎవరితో వెళ్ళారు, ఏం కొన్నారు, పాప చెయ్యి ఎలా గట్టిగా పట్టుకున్నారు. “మీ ఊళ్ళో చెప్పుకోదగ్గ కట్టడం” అంటే 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ ఉంది, మీరు రోజూ దాటేదే. తెలిసిన చోటు గురించి మాట్లాడితే మాటలు వెతుక్కోవలసిన పని సగం తగ్గుతుంది. నిమిషంలో వాక్యాలు రాయకండి, ఐదారు మాటలు చాలు.

బట్టీపట్టిన జవాబు పరీక్ష తీసుకునేవాళ్ళకు ఇట్టే తెలిసిపోతుంది. గొంతు మారిపోతుంది, కళ్ళు పైకి వెళ్తాయి. ప్రశ్న కాస్త తిప్పి అడుగుతారు, అక్కడ ఆగిపోతారు.

విదేశీ యాస అవసరం లేదు, స్పష్టంగా ఉంటే చాలు. మన నాలుకకు అలవాటైన కొన్నిటిని మాత్రం సవరించుకోండి. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి ‘బస్’ని ‘బస్సు’ అంటాం, చివర ఆ ‘ఉ’ రానివ్వకండి. ‘ఎగ్’ని ‘యెగ్’ అనీ, ‘ఓన్లీ’ని ‘వోన్లీ’ అనీ అంటాం. ‘జూ’లో మొదటి శబ్దం మన ‘జ’ కాదు, ‘స’ పలుకుతూ గొంతు మోగించాలి. పడమర అనే ‘వెస్ట్’కి పెదాలు గుండ్రంగా చుట్టాలి, బనియన్ అనే ‘వెస్ట్’కి పై పళ్ళు కింది పెదవిని తాకాలి. తెలుగులో రాస్తే రెండూ ఒక్కలాగే ఉన్నాయి చూడండి, చిక్కంతా అక్కడే.

సరిచూసుకోవడం ఇలా: రెండు నిమిషాలు మాట్లాడి రికార్డు చేయండి. విని, ఎన్నిసార్లు ఆగారో, ఎన్నిసార్లు “ఆ... అంటే” అన్నారో గీతలు పెట్టండి. ఇంకో పద్ధతి, ఫోన్‌లో వాయిస్ టైపింగ్‌ని బ్రిటిష్ ఇంగ్లిష్‌కి మార్చి మాట్లాడండి. ఏ మాట తప్పుగా పడిందో అది నోటులోకి ఎక్కాలి.

మాట్లాడే తోడు తప్పకుండా కావాలి. మా దగ్గరకు వచ్చే ఇద్దరు ఎన్టీఆర్ స్టేడియంలో పొద్దున నడుస్తూ ఇరవై నిమిషాలు ఇంగ్లిష్‌లోనే మాట్లాడుకుంటారు. మొదటి వారం సిగ్గుపడ్డారు, రెండో వారానికి పోయింది. తోడు లేకపోతే వంట చేస్తూ ఏం చేస్తున్నారో పైకి చెప్పుకోండి.

9. కోచింగ్ తీసుకోవాలా?

దిద్దే మనిషి దొరక్కపోతే తీసుకోండి. బెంజి సర్కిల్, మొగల్రాజపురం, ఇటు బ్రాడీపేట, అరండల్‌పేట అంతా బోర్డులే. చేరే ముందు మూడు అడగండి. వారానికి ఎన్ని వ్యాసాలు దిద్ది ఇస్తారు? బ్యాచ్‌లో ఎంతమంది? స్పీకింగ్ ఒక్కొక్కరితో విడిగా చేయిస్తారా? దిద్దిన వ్యాసం ఒకటి చూపించమనండి. అడ్డంగా ఒక టిక్కు, కింద ‘గుడ్’ అని ఉంటే డబ్బు కట్టకండి.

“బ్యాండ్ గ్యారంటీ”, “పేపర్ ముందే ఇస్తాం”, “పరీక్ష రాయకుండా సర్టిఫికెట్” అనేవాళ్ళ నుంచి దూరంగా ఉండండి. యూనివర్సిటీలు, ఎంబసీలు ఫలితాన్ని నేరుగా సరిచూసుకుంటాయి. దొంగ సర్టిఫికెట్ దొరికితే డబ్బుతో పాటు వీసా ఆశ కూడా పోతుంది.

10. తేదీ ఎప్పుడు బుక్ చేయాలి

ఫీజు పదిహేను వేల పైనే, అందుకని తొందరపడకండి. ఎనిమిదో వారం నుంచి వారానికొక పూర్తి టెస్టు రాయండి. వరసగా మూడింటిలో కావలసిన బ్యాండ్ కంటే అర బ్యాండ్ ఎక్కువ వస్తే బుక్ చేయండి. పరీక్ష టెన్షన్‌లో ఆ అర బ్యాండ్ కరిగిపోతుంది. ఒక్కసారి బాగా వచ్చిందని బుక్ చేయడం అందరూ చేసే తప్పు.

ఆఖరి వారం కొత్త టెస్టులు వద్దు. తప్పుల నోటు మొదటి పేజీ నుంచి చదవండి.

పరీక్ష విజయవాడలో అయితే గుంటూరు వాళ్ళు కనకదుర్గ వారధి దగ్గర ట్రాఫిక్‌ని లెక్కలో పెట్టుకుని గంట ముందే బయల్దేరండి. ఎండాకాలం బండి మీద వెళ్ళకండి, తల వేడెక్కి లిజనింగ్ మొదటి భాగం పోతుంది. స్పీకింగ్ వేరే రోజు పడవచ్చు, ఆఫీసులో సెలవు రెండు రోజులకు అడిగి పెట్టుకోండి.

11. ఫలితం తక్కువ వస్తే

ముందు ఏది తగ్గిందో చూడండి. రైటింగో స్పీకింగో అనుకున్నదానికంటే బాగా తగ్గితే ఆరు వారాల్లోపు మళ్ళీ దిద్దమని అడగవచ్చు. దానికి ఫీజు ఉంది, మార్కు పెరిగితే తిరిగి ఇస్తారు. మాక్ టెస్టుల్లో కూడా అంతే వస్తుండేదైతే ఆ డబ్బు దండగ.

కంప్యూటర్ మీద రాసినవాళ్ళు నాలుగింటిలో ఒక్కటే మళ్ళీ రాసుకునే వీలుంది, 60 రోజుల్లోపు, ఒక్కసారే. దాన్ని అన్ని చోట్లా ఒప్పుకోరు. ఫీజు కట్టే ముందు మీ యూనివర్సిటీకో కౌన్సిల్‌కో మెయిల్ పెట్టి, జవాబు వచ్చాకే కట్టండి. ఆ మెయిల్ దాచుకోండి.

మళ్ళీ రాయాలనుకుంటే వెంటనే వచ్చే వారానికి బుక్ చేయకండి. పరీక్ష నుంచి వచ్చిన రోజు రాత్రే, ఫలితం రాకముందే, ఎక్కడ తడబడ్డారో నోటులో రాసి పెట్టుకోండి. ఏ ప్రశ్న దగ్గర టైమ్ అయిపోయింది, ఏ మాట నోటికి రాలేదు, వ్యాసంలో ఏ పేరా తొందరగా ముగించారు. పది రోజులైతే అవి గుర్తుండవు. రెండోసారి మొదటి వారం ఆ పేజీతోనే మొదలుపెట్టండి.